మూడు దినముల అంకెలు

నోటితో ఆడిన అబద్ధము విన్నవారితో చచ్చును. తారీకు క్రింద, గీతల నడుమ, పెన్సిలుతో వ్రాసిన అబద్ధము అట్లు చావదు. అది సత్యమువలె వేషము వేసికొని కూర్చుండి, తన్ను నమ్మువాడు వచ్చువఱకు ఓపికతో కాచియుండును. అట్టి అబద్ధములు ఆఱింటిని నేను 1977వ సంవత్సరము నవంబరు నెలలో, బెజవాడ వన్‌టౌనులోని మా యింటి నడవలో నిలువబడి వ్రాసితిని. అప్పుడు నాకు పదునాలుగేండ్లు. ఆ ఆఱంకెల సంగతి నేటివఱకు ఎవ్వరికిని చెప్పలేదు. ఇప్పుడు చెప్పవలసిన కారణము కలిగినది. ఆ కారణము మన తలలపైనున్న ఆకాశమునకు సంబంధించినది గాన, చదువరులు కొంచెము ఓపిక పట్టవలయును.

మా నాయనగారు వన్‌టౌనులో ఒక పాఠశాలయందు లెక్కల ఉపాధ్యాయులు. మా యిల్లు కొత్తపేటలో నుండెను. డాబా యెక్కినచో ఒకవైపున ఇంద్రకీలాద్రియు, ఇండ్లకప్పుల మీదుగా కృష్ణమీది ఆకాశమును కనబడెడివి. ఆయనకు చీట్లపేక లేదు, సినిమా లేదు. ఉన్న వ్యసనము ఒక్కటే. బందరులో పాతసామానుల వర్తకుని వద్ద కొన్న బారోమీటరును గోడకు తగిలించి దినమునకు రెండుమార్లు దాని ముందు నిలువబడుట. దానిలో పాదరసము లేదు. గాలి తీసివేసిన పలుచని లోహపు డబ్బి యొకటి కలదు. పైనున్న గాలి బరువు హెచ్చినప్పుడు ఆ డబ్బి లోనికి ఒదుగును, తగ్గినప్పుడు పైకి ఉబ్బును. ఆ ఒదుగుటయు ఉబ్బుటయు సూదికి తెలియును, సూదివలన మనకు తెలియును. ఉదయము ఎనిమిదిన్నరకు ఒకమారు, సాయంకాలము ఐదున్నరకు ఒకమారు ఆయన సూదిని చూచి నోటుపుస్తకమున వ్రాసెడివారు. ప్రక్కనే గాలి యేవైపునుండి వీచుచున్నదో, మబ్బు ఎంత కలదో, డాబామీది వానకొలత పాత్రలో ఎన్ని మిల్లీమీటరుల నీరు పడినదో వ్రాసెడివారు. పెన్సిలుతోనే వ్రాసెడివారు. సిరా వానకు కరగునని ఆయన భయము.

వీథిలోనివారు నవ్వెడివారు. "మేష్టారు గాలిని తూచుచున్నారు, ఎంతకు అమ్మెదరో" అనెడివారు. మా నాయనగారు కోపపడక, "ఉగాదినాడు పంచాంగ శ్రవణమున ఈ యేడు వాన ఇన్ని ఆఢకములని విని వచ్చితిరి గదా! సంవత్సరాంతమున ఎన్ని కురిసినవో కొలిచినవారు మీలో ఎవరైన కలరా?" అని అడిగెడివారు. ఒక్కరును ఉండరు. చెప్పువారు వేయిమంది, విని తల యూపువారు లక్షమంది, కొలుచువాడు మాత్రము లేడు. మన దేశపు వాతావరణశాస్త్రమునకు పట్టిన దుర్దశ యంతయు ఈ యొక్క ప్రశ్నలో నున్నదని ఆయన నమ్మకము.

నాకు ఆయన నేర్పిన సూత్రములు రెండు. ఒకటి, అంకెతోపాటు గంట వ్రాయవలెను. రెండు, చూడనిదానిని ఖాళీగా విడువవలెను. "ఖాళీ సిగ్గుపడదగినది కాదురా, అబ్బాయీ. ఖాళీ కూడ ఒక మాటయే. అప్పుడు ఇచ్చట ఎవ్వరును లేరని అది చెప్పును" అనెడివారు.

నవంబరు 15వ తేది రాత్రి ఆయన బంధువుల పెండ్లికి రాజమహేంద్రవరము వెళ్లుచు, పుస్తకమును నా చేతికిచ్చిరి. పదునాఱవ తేది ఉదయము నేను బంతియాటకు పోతిని. సాయంకాలము మఱచితిని. పదునేడును అట్లే గడచెను, పదునెనిమిదియు అట్లే గడచెను. ఆ రాత్రి భయము పుట్టి, పుస్తకము తెఱచి, పదునైదవ తేది అంకెను చూచి, ఆ చుట్టుప్రక్కలనే ఆఱంకెలు పొందుగా పేర్చితిని. ఉదయము 1012 మిల్లీబారులు, సాయంకాలము 1012. మఱునాడు 1013, సాయంకాలము 1013. నిజమని తోచుటకు ఒక్కచోట చెఱిపి దిద్దితిని కూడ. ఎంతటి తెలివి!

మఱునాడు పందొమ్మిదవ తేది, శనివారము. ఉదయమునుండియే గాలి తీరు మాఱెను. మధ్యాహ్నమునకు వీథిలోని రేకులు ఎగురుచుండగా, ఎవ్వరును చెప్పకయే నేను బారోమీటరు ముందు నిలిచితిని. సూది దిగుచుండెను. అరగంటకొకమారు వ్రాసితిని. వ్రాయుచున్న చేయి వణకుచుండెను. ఆ సాయంకాలము తుపాను తీరము దాటినది. దివిసీమమీదికి సముద్రము ఐదాఱు మీటరుల యెత్తున లేచి వచ్చి, ఊళ్లకు ఊళ్లను తుడిచివేసినది. కనీసము పదివేలమంది ప్రాణములు పోయినవి. మాకు ఆ సంగతి రెండు మూడు దినములకుగాని పూర్తిగా తెలియలేదు.

నాయనగారు ఇరువదిరెండవ తేదికిగాని ఇల్లు చేరలేకపోయిరి. చేరినవెంటనే అందఱి క్షేమమును విచారించి, పుస్తకము తీసిరి. ఆ పుట చాలసేపు చూచిరి. "అన్ని దినములును చూచితివా?" అని అడిగిరి. "చూచితిని" అంటిని. మఱేమియు అనక పుస్తకము మూసిరి. 1994లో ఆయన పోవువఱకు ఆ ప్రస్తావన మా నడుమ రాలేదు.

ఆ పుస్తకములు ఒక ట్రంకుపెట్టెలో మా చెల్లెలి యింటికి, అజిత్‌సింగ్ నగరునకు, చేరినవి. మన ఇండ్లలో జాతకచక్రములకు పట్టుగుడ్డ దొరకును, నోటుపుస్తకములకు అటకయే గతి. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి ఆ పేట మునిగినది. అదే సమయమున కృష్ణ ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించినది. నీరు తీసిన పిమ్మట మా చెల్లెలు ఆ పెట్టెను ఆటోలో మా యింటికి పంపినది. పుస్తకములను డాబామీద పఱచి ఆరబెట్టితిని. అట్టలు ఊడినవి, పుటలు అంటుకొన్నవి, కాని పెన్సిలు చెరగలేదు. నాయనగారి భయమే పుస్తకములను కాపాడినది.

అప్పుడే మా చెల్లెలి మనుమరాలు సెలవులకు వచ్చినది. ఆ బిడ్డ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణశాస్త్రము చదువుచున్నది. తడిసిన పుటలమీద వంగి, "తాతయ్యా, ముత్తాతగారు గంట కూడ వ్రాసినారే!" అని చిన్నపిల్లవలె కేక వేసినది. గంట వ్రాసినందుకు అంత ఆనందమేమని అడిగితిని. అది చెప్పిన సమాధానము ఒక సాయంకాలము పట్టినది. నాకు తెలిసినంత మేరకు దానిని ఇచ్చట నా మాటలలో వ్రాయుచున్నాను.

నేలమీద నిలిచి చూచువానికి ఆకాశముయొక్క అడుగుభాగమే తెలియును. వానలను, కఱవులను, తుపానుల త్రోవలను నడుపు పెద్ద గాలులు మాత్రము మైళ్లకొలది ఎత్తున నుండును. తెలుగువారైన పంచేటి కోటేశ్వరంగారు 1958లో ప్రకటించిన తూర్పుగాలి ప్రవాహము అట్టిది. నైరుతి ఋతుపవన కాలమున దక్షిణభారతము మీద, దాదాపు 14 కిలోమీటరుల యెత్తున, అది తూర్పునుండి పడమటికి మహావేగముతో పరుగెత్తును. తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతులైన ఆ విద్వాంసుడు దానిని కనిపెట్టగలుగుటకు కారణము, ఆనాటికి బెలూనులు పైకెక్కి అచ్చటి గాలుల వార్త తెచ్చుచుండుటయే. కాని బెలూనులు మన దేశమున ఇరువదవ శతాబ్దిలోగాని రాలేదు. రేడియోయంత్రము మోసికొనిపోవు బెలూనులు 1940వ దశకమునుండియే. అంతకు పూర్వము ఆ గాలి వీచలేదా? మన తాతలకాలమునను వీచినది, ముత్తాతలకాలమునను వీచినది. చూచినవాడు లేడు. చూడనిదానిని నేడెట్లు తెలిసికొనుట?

ఉపాయము బారోమీటరులోనే కలదు. మన నెత్తిమీద చదరపు అంగుళమునకు సుమారు 15 పౌన్ల గాలి బరువున్నది. ఆ బరువు ఇంటి నడవలోని గాలిది మాత్రము కాదు. నేలనుండి ఆకాశపు అంచువఱకు నిలిచిన స్తంభమంతటిది. పైని ఎచ్చటనో గాలి ప్రోగుపడినను, చెదరిపోయినను, క్రింద సూది కదలును. కావున నేలయంకెలో ఆకాశమంతయు ఇమిడియున్నది. అయితే, మొత్తముగా ఇమిడియున్నది, విడివిడిగా కాదు.

కాళేశ్వరరావు మార్కెట్టులో గుడ్డకప్పిన కూరగాయల గంపను త్రాసులో పెట్టుడు. బరువు తెలియును, లోపల వంకాయలో దోసకాయలో తెలియదు. కాని అనుభవముగల దళారి ఒక్క గంపను చూచి మాట్లాడడు. ఇది యే నెల, గంప యేయూరిది, నిన్న అదే తోటనుండి యేమి వచ్చినది, ప్రక్క గంపల బరువెంత అని ఆలోచించి, లోపలిదానిని చాలవఱకు సరిగానే చెప్పును. నేటి శాస్త్రజ్ఞులు చేయు పని యిదియే. గాలి నడచు నియమములను గణకయంత్రమునకు నేర్పి, ముందు ఆఱుగంటలలో ఆకాశమెట్లుండునో ఊహింపజేయుదురు. ఆ సమయమున లోకములో ఎవరెవరు బారోమీటరు చూచి వ్రాసిరో ఆ అంకెలతో ఊహను సరిపోల్చుదురు. నేలమీద తేడా కనబడినచో, దానికి తగినట్లు పైగాలులనుకూడ సవరింతురు. మరల ఆఱుగంటలు ముందునకు నడపుదురు. ఈ ప్రకారము శతాబ్దముల పొడవున నడచుదురు. దీనికి పునర్విశ్లేషణమని పేరు.

ఒక్క ఊహను నమ్ముట ప్రమాదము గాన, ఒకేమారు అనేక ఊహలను నడపుదురు. అమెరికాలోని సముద్ర వాతావరణ సంస్థయు కొలరాడో విశ్వవిద్యాలయమును కలిసి చేసిన పనిలో, 2011లో ప్రకటించినదానియందు ఇట్టివి 56, 2019లో ప్రకటించినదానియందు 80. ఎనుబదిమంది దళారులు ఒకే గంపను చూచి ఒకే మాట చెప్పినచో నమ్మవచ్చును. తలకొక మాట చెప్పినచో, లోపల నున్నది మనకు తెలియదని తెలిసికొనవచ్చును. నాకు ఈ పద్ధతిలో మిక్కిలి నచ్చినది ఇదియే. అది తనకు తెలిసినదానిని చెప్పుటతో ఊరకుండక, తన అజ్ఞానమునుకూడ కొలిచి చెప్పును. ఈ పని 1836 వఱకు వెనుకకు పోయినది. గాలి కొలతలలో అది పుచ్చుకొన్నది నేలమీదను ఓడలమీదను వ్రాసిన వాయుభారము మాత్రమే. దానికి తోడు సముద్రజలపు వేడిమి. అయినను సమశీతోష్ణ ప్రాంతములలో, 2011 నాటి లెక్కయందు, అది చూపిన ఆకాశము ఆనాటి మూడుదినముల ముందటి వాతావరణ సూచనకు దీటుగా నుండెనని తేలినది.

మనవంటి ఉష్ణదేశములలో అంత సుళువు కాదు. ఇచ్చట వాయుభారపు హెచ్చుతగ్గులు స్వల్పములు. పైగా సూది దినమునకు రెండుమార్లు తనంతట తానే పోటుపాటులవలె లేచి పడును. ఉదయము పదిగంటల ప్రాంతమున ఎత్తు, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున పల్లము. రాత్రి పదికి మరల ఎత్తు, తెల్లవారుజామున నాలుగింటికి మరల పల్లము. పగటి ఎత్తునకును పల్లమునకును తేడా మూడు, నాలుగు మిల్లీబారులు. గంట వ్రాయని అంకె యొక్క విలువ యింక చెప్పనేల? అది తుపాను రాకడయో, నిత్యపు పాటో చెప్పజాలము. ఆ బిడ్డ కేక వేయుటకు కారణము నాకప్పుడు తెలిసినది. అదే సమయమున నా గుండెలో మఱియొకటికూడ తెలిసినది. దానిని పిమ్మట చెప్పెదను.

ఈ విద్యకు మన నేలమీద మూలములు లేకపోలేదు. గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసు నక్షత్రశాలయందు నేర్చి వచ్చి, 1840లో విశాఖపట్టణమున సొంత ధనముతో నక్షత్రశాల నెలకొల్పిరి. ఆయన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆకాశపు లెక్కలతోపాటు వాతావరణపు లెక్కలను కొనసాగించిరి. జమీందారులు భోగములకు ధనము వెచ్చించు దినములలో, బారోమీటరుకు వెచ్చించిన తెలుగువా రిద్దఱున్నారని తలచినప్పుడు నాకు గర్వముగా నుండును. 1875లో భారత వాతావరణ శాఖ యేర్పడినది. దాని తొలి అధిపతి బ్లాన్‌ఫర్డు, మన పెద్దలు ధాత కఱవని చెప్పుకొను 1876-78 నాటి మహాక్షామకాలమున, వాయుభారము ఈ దేశముననేగాక చాల దూరపు దేశములవఱకును హెచ్చుగా నుండెనని గుర్తించెను. 1904 నుండి 1924 వఱకు ఆ పదవిలోనున్న గిల్బర్టు వాకరు ఈ సూత్రమునే పట్టుకొని, లోకమంతటి నేలయంకెలను ప్రోగుచేసి, పసిఫిక్ సముద్రమున ఒకవైపు భారము హెచ్చినప్పుడు హిందూమహాసముద్రమువైపు తగ్గుననియు, అటు తగ్గిన ఇటు హెచ్చుననియు కనుగొనెను. పైగాలిని ఆయన చూడలేదు. 1969లో బెర్క్‌నెస్ అను విద్వాంసుడు, ఆ త్రాసునకు పైన గాలిచక్రమొకటి తిరుగుచున్నదని వివరించి, దానికి వాకరు పేరే పెట్టెను. నేలయంకెలలో దాగిన ఆకాశము అర్ధశతాబ్దమునకు బయటపడినది.

ఇక మన బందరు సంగతి. 1864 నవంబరు 1వ తేది రాత్రి తుపాను సముద్రమును బందరుమీదికి తోలినది. సుమారు ముప్పదివేలమంది మరణించిరని చెప్పుదురు. ఆ దినము మీది ఆకాశమునుగూడ నేటి యంత్రములు గీచి చూపగలవు. కాని ఆనాడు ఈ తీరమున సూదిని చూచి వ్రాసినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. అంకెలు తక్కువైనకొలది దళారులు తగవులాడుదురు. పైగా ఆ వల కన్నులు పెద్దవి, తుపాను గర్భము చిన్నది. జాఱిపోవును. ఇంకొక పది యిండ్లలో పది పుస్తకములున్నచో మన ముత్తాతలను ముంచిన గాలి యెటనుండి వచ్చెనో మనకు ఇంకను బాగుగా తెలిసెడిది. ఇది గతించినవారిమీద జాలి మాత్రమే కాదు. ఏ పైగాలులు తుపానును దివికి తెచ్చునో, ఏవి ఒరిస్సాకు మళ్లించునో తెలియుటకు, ఉపగ్రహములు చూచిన ఏబది అఱువది యేండ్లు చాలవు. అరుదైన ఆపద శతాబ్దమునకు ఒకటి రెండుమార్లే వచ్చును. దానిని ఎఱుగుటకు శతాబ్దముల లెక్క కావలెను. ఆ లెక్క పాత పుస్తకములలో నున్నది. ఆ పుస్తకములు అటకలమీదను, చిత్తుకాగితముల కొట్లలోను ఉన్నవి.

ఆ బిడ్డ యిన్నియు చెప్పి, "అబద్ధపు అంకె వచ్చినచో ఏమి చేయుదురు?" అన్న నా ప్రశ్నకు నవ్వినది. "ఊహకు మరీ దూరముగా నున్నదానిని త్రోసివేయుదురు, తాతయ్యా. దగ్గఱగా నుండి తప్పైనదే ప్రమాదము. దానిని నమ్మి, పైనున్న ఆకాశమంతటిని దానికి తగినట్లు సవరించుకొందురు. ఖాళీతో ఏ చిక్కును లేదు. ఖాళీ యున్నచోట ఊహయే నడచును" అన్నది. పెండ్లికి వెళ్లుచు మా నాయనగారు చెప్పిన మాటయే ఇది. ఏబది యేండ్ల తరువాత ఆయన మునిమనుమరాలి నోట వచ్చినది.

నేను లేచి, 1977 పుస్తకమును వెదకి తెచ్చితిని. 1977 నాటికి బెలూనులును ఉపగ్రహములును కలవు గాన, నా ఆఱంకెలు ఆకాశమును చెఱుపజాలవని నాలో నేను సమాధానము చెప్పుకొనుచుంటిని. దోషి యెప్పుడును తన నేరము చిన్నదనియే వాదించును. కాని అంతటి తుపాను రాక ముందటి మూడు దినములు బెజవాడలో సూది యెట్లు నడచెనో చెప్పగలిగిన సాక్షి మా నడవలో నుండగా, వాని నోరు నొక్కి, వాని పేర నేను సాక్ష్యము చెప్పితిని. ఆ నిజము ఇంకెన్నటికిని రాదు.

పుట తెఱచితిని. నా ఆఱంకెలు ఉన్నవి. వానిని ఇప్పటి కన్నులతో చూచినప్పుడు నవ్వు వచ్చినది, సిగ్గు వచ్చినది. ఉదయమెంతో సాయంకాలమంతే! నిత్యము సాయంకాలమునకు పల్లమునకు దిగవలసిన సూది నా మూడు దినములలో దిగనే లేదు. లెక్కల మేష్టారు ఆ పుటవంక చాలసేపు ఏల చూచిరో తెలిసినది. ప్రక్కన, పుట అంచున, ఆయన సన్నని వ్రాతలో నేనెన్నడును చూడని రెండు పంక్తులున్నవి. "16, 17, 18 తేదుల అంకెలు చూచి వ్రాసినవి కావు. 19 నుండి నమ్మవచ్చును."

ఆయన నన్ను దండింపలేదు. నా అంకెలను చెఱుపలేదు, తన అంకెలతో పూడ్చలేదు. తనకు తెలిసినంత వ్రాసి విడిచిరి. కొడుకు అబద్ధమాడినాడని తెలిసియు, అదే కొడుకు భయముతో వణకుచు వ్రాసిన అంకెలు నిజములని గుర్తించి, వానిని వేఱుచేసి రక్షించిరి. తండ్రులలో ఇంతటి న్యాయము తఱచుగా చూడము. నేను ఉపాధ్యాయుడనై ముప్పదియేండ్లు పిల్లల తప్పులు దిద్దితినిగాని, ఈ విధముగ దిద్దుట యెఱుగను.

చదువరులారా, మీ యిండ్లలో తాతగారి వానలెక్క పుస్తకముండవచ్చును. కాలువలాకువద్ద నీటిమట్టము వ్రాసిన కాగితములుండవచ్చును. పొలము కౌలుపుస్తకపు మూల ఏ దినము ఎన్ని దుక్కుల వాన పడినదో వ్రాసియుండవచ్చును. చిత్తుకాగితములవానికి వేయకుడు. ఫోటోలు తీసి, తెలిసినవారికి చూపుడు. ఇంగ్లండులో 2020లో వేలకొలది సామాన్యులు ఇంట కూర్చుండి పాత వానలెక్కల పుటలను యంత్రములకెక్కించిరి. మనవారికి చేతులు లేవా? ఎక్కించునప్పుడు ఖాళీని ఖాళీగానే ఎక్కించుడు. చిరిగినచోట చిరిగినదని వ్రాయుడు. అందముకొఱకు అంకెను పేర్చకుడు. మన కార్యాలయములలో, పాఠశాలలలో, హాజరుపట్టీలలో, తనిఖీ నివేదికలలో పేర్చిన అంకెలు ఎన్ని గలవో తలచుకొన్నచో గుండె జల్లుమనును. నిండుగా కనబడవలెనను మోజు మనకు ఖాళీపట్ల భయమును నేర్పినది. ఖాళీ నిజము చెప్పును.

మా నాయనగారి పుస్తకముల నకలు నేనే తీయుచున్నాను. ఆ బిడ్డ వానిని విశాఖకు తీసికొనిపోవును. 1977 నవంబరు 16, 17, 18 తేదుల గడులను ఖాళీగా ఉంచితిని. ప్రక్కన ఆయన పంక్తులు రెండును ఎక్కించి, దాని క్రింద నాదొక పంక్తి చేర్చితిని: "మూలములో ఉన్న ఆఱంకెలు నేను కల్పించినవి." క్రింద నా సంతకము, తారీకు. గంటకూడ వ్రాసితిని.